ఎనిడ్ ఒప్పుకోని మాట

మా తీరంలో సముద్రం ఎవరినైనా తీసుకుపోతే మునిగిపోయాడని అనరు. "మిస్‌జడ్జ్ చేశాడు" అంటారు. అంచనా తప్పింది, అంతే. కేకు మాడినా, ట్రాక్టరు గేటుకు రాసుకున్నా అదే మాట. ఆ మాట వినిపించిన చోట ఎనిడ్ బెన్సన్ కూర్చునేది కాదు.

ఆమె భర్త విల్ఫ్ రొయ్యలు పట్టేవాడు. నీళ్లు మైళ్ల దూరం వెనక్కి పోయాక ట్రాక్టరు మీద ఇసుకలోకి వెళ్లి, పోటు రాకముందే తిరిగొచ్చేవాడు. ఊబి లేని దారి పొడవునా గుర్తుగా లారెల్ కొమ్మలు పాతేవాడు. ఆ కొమ్మలు వాళ్లింటికి కంచెగా పెంచిన పొదలవే. ఒక మార్చిలో పొగమంచు కమ్మింది. ట్రాక్టరు దొరికింది, అతను దొరకలేదు. చర్చిలో అందరూ ఎనిడ్ చెయ్యి పట్టుకుని ఆ మాటే అన్నారు.

"మా ఆయన పెళ్లిరోజు మర్చిపోతాడు గానీ పోటు వేళ మర్చిపోడు," అని ఆమె చెయ్యి విడిపించుకుందట.

అప్పటినుంచి కంచెలో ఒక్క రెమ్మ కోయనివ్వలేదు. అది పెరిగి కిటికీని మూసేసింది. పెరటి గుమ్మం దగ్గర మాత్రం, విల్ఫ్ బూట్లు కడుక్కునే బకెట్టులో రోజూ మంచినీళ్లు నింపుతుంది. బాబును స్ట్రోలర్‌లో తిప్పుతూ నేను చూస్తుంటాను. చలికాలం నీటిపై మంచు పలక కడితే వేలితో పగలగొడుతుంది.

ఈ సెప్టెంబరులో, విల్ఫ్ లాగే రొయ్యలకు వెళ్లే క్లిఫర్డ్ ట్రాక్టరు ఊబిలో దిగిపోయింది. నడుంలోతు నీళ్లలో నడిచి ఒడ్డుకొచ్చాడు. బాబును గుండెకు హత్తుకుని నేనూ అక్కడే ఉన్నాను.

"నిద్రపోయావా అక్కడ?" అతని భార్య హేజెల్ అరిచింది. "ఇంట్లో పసిదాన్ని పెట్టుకుని! నీ బుర్రలో ఉన్నదీ ఇసకేనా?"

"కొత్త ట్రాక్టరు కదమ్మా, ఈత నేర్పలేదేమో," అన్నాడో ముసలాయన.

"పోటు పట్టిక చూసే వెళ్లాను," అన్నాడు క్లిఫర్డ్ తల వంచుకుని. పొద్దున నేనూ చూశాను. అందులో వేళ తప్పు లేదు. ఇసుకలో రాత్రికి రాత్రి పక్కకు జరిగిన నీటి కాలువ ఏ పట్టికలోనూ ఉండదు.

ఎనిడ్ కర్ర పొడుచుకుంటూ వచ్చింది.

"ఊరుకో తల్లీ. మిస్‌జడ్జ్ చేశాడు, అంతే. నిన్నటి ఇసక ఇవాళ ఉంటుందా?"

హేజెల్ తన కోటు విప్పి మొగుడి భుజాల మీద కప్పింది.

గేటు దాకా ఎనిడ్‌తో నడిచాను.

"వచ్చుంటే విల్ఫ్ కూడా అలాగే నిలబడేవాడు, నీళ్లోడుతూ. హేజెల్ కన్నా ఎక్కువే తిట్టేదాన్ని." కంచె మీద చెయ్యి ఆనించింది. "ఎంత తిట్టాలనుందో, అమ్మాయ్."

మర్నాడు క్లిఫర్డ్‌ని పిలిచి తనే కత్తెర ఇచ్చింది.

"పొడుగువి చూసి కొయ్యి, నాయనా. పొగమంచులోనూ కనబడాలి."

కొమ్మలు తగ్గేకొద్దీ కిటికీలోంచి ఇసుక కనిపించింది. ఎనిడ్ ఒక నిమిషం అటు చూసి, బకెట్టులో నీళ్లు మార్చడానికి పెరట్లోకి వెళ్లింది.