చీటీల పెళ్లి

ఆ రోజుల్లో, అంటే బీఈడీ పట్టా కొత్తగా చేతికొచ్చిన రోజుల్లో, పాఠం చెప్పడం నా అంత బాగా ఇంకెవరికీ రాదని నా గట్టి నమ్మకం. (ట్రైనింగులో తప్ప అప్పటిదాకా ఎవరికీ పాఠం చెప్పలేదు, అది వేరే సంగతి.) దిల్‌సుఖ్‌నగర్‌లో ఒక చిన్న బడివాళ్లు డెమో క్లాసుకు పిలిచారు. నచ్చితే ఉద్యోగం, లేకపోతే మామయ్య చీరల దుకాణం. పోచంపల్లి చీర నేను మడతపెట్టే తీరు చూసి మామయ్య అప్పటికే తల పట్టుకుని ఉన్నాడు. "ఏదన్న బడి చూస్కోరా, నీకూ మంచిది, నాకూ మంచిది" అని ఆయనే సాగనంపాడు.

ఏడో తరగతి, ఇంగ్లీషు. ఏ మాటకు ఏ మాట జోడో చెప్పాలి. మనం స్నానం చేస్తాం, ఇంగ్లీషువాళ్లు తీసుకుంటారు. అందుకే మన పిల్లలు 'డూ బాత్' అంటారు. ఎల్బీనగర్‌లో ఎక్కిన బస్సులో నిలబడి వస్తుంటే ఉపాయం తట్టింది. మగపిల్లలకు టేక్, డూ, మేక్ లాంటి చీటీలు, ఆడపిల్లలకు బాత్, హోంవర్క్, మిస్టేక్ లాంటివి. ఎవరి జోడు పక్కన వాళ్లు నిలబడాలి, అంతే. చీటీలు పంచి, చివరి బెంచీలో కూర్చున్న ప్రిన్సిపాల్ మేడం వైపు ఓరగా చూసి, "ఇవాళ మాటలకు పెళ్లి చేద్దాం" అన్నాను గొప్పగా.

ఒక్కరు జోడు దగ్గరికి వెళ్తే ఒట్టు. మగపిల్లలంతా తలుపు దగ్గర గుంపు కట్టారు, ఆడపిల్లలు కిటికీల దగ్గర. అందరిలోకీ పొడుగాటివాడు గోడకు చెబుతున్నట్టు, "పెళ్లంటే నేను ఆడ నిలబడ సార్. బడంతా నవ్వుతరు" అన్నాడు. మడతపెట్టాల్సిన చీరలన్నీ కళ్లముందు వరసగా కనిపించాయి.

అప్పుడు రెండు జడల అమ్మాయి ముందుకొచ్చి, "మాకూ గీ పిల్లగాళ్లు ఒద్దు సార్. చీటీలు మార్చుకుంటం" అంది. నేను ఔనూ కాదూ అనేలోపే బేరాలు మొదలయ్యాయి. పొడుగాటివాడు ఆ అమ్మాయి దగ్గరికొచ్చి, "నా టేక్ తీస్కో, నీ హోంవర్క్ నాకియ్యి. మావోడు డూ, మేమిద్దరం కలుస్తం" అన్నాడు. ఆ అమ్మాయి తన స్నేహితురాలి దగ్గర బాత్ ఉందని చూసుకుని గానీ చీటీ వదల్లేదు. ఫుట్‌పాత్ మీద చెప్పుల బేరం కూడా అంత గట్టిగా జరగదు. పది నిమిషాల్లో మగపిల్లలు మగపిల్లలతో, ఆడపిల్లలు ఆడపిల్లలతో జంటలు కట్టేశారు. తిరిగి చూస్తే ఒక్క జంటా తప్పు లేదు. నేను నేర్పకుండానే నేర్చేసుకున్నారు.

ఒక అమ్మాయి మాత్రం, "దీనికి జోడు దొర్కలే సార్" అని చీటీ నా చేతిలో పెట్టి వెళ్లి కూర్చుంది. మిస్టేక్. ఆ రోజు బడికి రాని పిల్లవాడి చోట పెట్టిన మేక్ చివరి బెంచీ మీదే ఉండిపోయిందట. మేడం దాన్ని తీసుకుని మెల్లగా నడిచొచ్చి, తరగతంతా చూస్తుండగా నా పక్కన నిలబడ్డారు. "సోమవారం నుంచి వచ్చెయ్యండి. పెళ్లిళ్లు మాత్రం చెయ్యకండి" అన్నారు. ఆ క్షణాన సంతోషంతో నాకు ఏడుపొకటే తక్కువ.

మామయ్య నాకన్నా ఎక్కువ సంతోషించాడు. ఇప్పటికీ ఏడో తరగతికి ఆ చీటీలే పంచుతాను, పెళ్లి మాటెత్తకుండా. మిస్టేక్ చీటీ మాత్రం ఎవరికీ ఇవ్వను. అది బస్సులో పుట్టిన ఉపాయంతో తరగతిలోకి ఛాతీ విరుచుకుని నడిచిన ఆ కుర్రవాడిది. వాడి ధీమా ఇప్పుడు నాకు లేదు, కొంచెం ఉన్నా బాగుండేది.