చాచా మర్చిపోలేదు

ఏడేళ్లుగా ఒక మాట నా గొంతులో అడ్డుపడి ఉంది. మింగలేకపోయాను, కక్కలేకపోయాను. నా పేరు రాయడం లేదు. ధైర్యం లేదు, అంతే. మీరెవరో నాకు తెలియదు కాబట్టే మీకు చెప్పగలుగుతున్నాను.

మొన్న పేపర్లో ఒక వార్త చూశాను. వృద్ధులకు ఆరోగ్య బీమా అమ్మే పద్ధతిని కట్టడి చేస్తూ చట్టం తేవాలని ప్రతిపాదన వచ్చిందట. జబ్బుల ప్రశ్నలకు జవాబులు ఏజెంటు నింపకూడదట. సంతకానికి ముందు ఫారం మొత్తం చదివి వినిపించాలట, ఇంట్లోవాళ్లు ఇంకొకరు పక్కన ఉండాలట. జనం తమ అభిప్రాయం రాసి పంపవచ్చట. గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు, నేను పనిచేసే గుడ్డల దుకాణంలో ఎవరూ చూడకుండా ఆ కాగితం మడిచి సంచిలో పెట్టుకున్నాను. అందులో నా పేరేమీ లేదు. అయినా దాచాను.

అప్పట్లో నేను బీమా ఏజెంటుని. హుస్సేనీ ఆలంలో మా గల్లీలోనే యూసుఫ్ చాచా ఇల్లు. కంచన్‌బాగ్ వైపు ఒక లోహపు ఫ్యాక్టరీలో కొలిమి వేడి ఎంతుందో గంట గంటకూ రిజిస్టర్లో రాసే పని చేసి రిటైరయ్యారు. అన్నేళ్లలో ఒక్క అంకె తప్పు రాయలేదని ఆయన గొప్ప. అది వినీ వినీ గల్లీలో అందరికీ విసుగొచ్చేది.

నేను ఫారం పట్టుకుని వెళ్లిన రోజు ఆయన భార్య రజియా ఖాలా లోపల చాయ్ పెడుతోంది. నేను అడగకముందే చాచా మందుల డబ్బా తెచ్చి ముందు పెట్టారు. పన్నెండేళ్లుగా షుగర్ ఉందని చెప్పి, మాత్రల పట్టీ తీసి చూపించారు. నేను తల ఊపాను. ఆ ప్రశ్న దగ్గర ‘లేదు’ అని టిక్కు పెట్టాను.

ఎందుకు? ఉందని రాస్తే పరీక్షలు, వాయిదాలు, చివరికి కాదన్నా అనవచ్చు. లేదని రాస్తే రెండు రోజుల్లో పాలసీ వస్తుంది. మా ఆఫీసులో దాన్ని క్లీన్ ఫారం అనేవాళ్లం. అది నెలాఖరు, నా టార్గెట్‌కు ఒక్క పాలసీ తక్కువ. అందరూ చేసేదే కదా అనుకున్నాను. నిజంగా అనుకున్నానా, లేక నా తప్పు మీకు కాస్త చిన్నదిగా కనబడాలని ఇప్పుడా మాట పట్టుకుని వేలాడుతున్నానా? ఏమో. మాత్రల పట్టీ ఆయన చేతిలో ఉండగానే టిక్కు పెట్టాను. అది మాత్రం బాగా గుర్తుంది.

మర్నాడు కంపెనీ నుంచి ఫోన్ వచ్చింది. కొనేవారి మాట రికార్డు చేసుకోవడం వాళ్ల పద్ధతి. అవునంటే చాలని చాచాకు ముందే నేర్పి, పక్కనే కూర్చున్నాను. ఫారంలో రాసినవన్నీ నిజమేనా అని అడిగారు. చాచా అవునని ఊరుకోలేదు. “నిజమే సార్. మా గల్లీ పిల్లనే, నా ముంగట కూసోని రాసింది” అన్నారు.

రెండేళ్లకు ఆయన పాదానికి పుండు లేచి ఆసుపత్రిలో చేరారు. జబ్బు దాచి పాలసీ తీసుకున్నారని, బిల్లు కట్టకుండా కంపెనీ చేతులెత్తేసింది. ప్రైవేటు ఆసుపత్రి నుంచి సర్కారు దవాఖానకు మార్చేసరికి చీము పైకి పాకింది. మోకాలి కింద కాలు తీసేశారు.

ఇంటికి వచ్చాక నాకు కబురు పెట్టారు. కంపెనీవాళ్లు ఆయన గొంతే ఆయనకు వినిపించారట.

“బేటీ, ఆ దినం షుగర్ ముచ్చట నీకు చెప్పిన గదా?”

ఖాలా పక్కనే నిలబడి నా నోటివైపు చూస్తోంది. ఒక్క మాట. అవునంటే అయిపోయేది.

“లేదు చాచా. చెప్తే రాయనా? యాది మరిచినట్టున్నరు. ఈ వయసుల అయితది గట్ల.”

ఆయన నా ముఖంలోకి చూశారు. నన్ను అనుమానిస్తే బాగుండు అనుకున్నాను. అనుమానించలేదు. తన లోపల తను వెతుక్కున్నారు.

“డబ్బా తెచ్చినట్టే అనిపిస్తది” అన్నారు. “ఏమో. మరిచినట్టున్న.”

“ఫికర్ చెయ్యకుండ్రి. మీరు ఝూట్ చెప్పలే, మర్చిపోయిండ్రు, అంతే” అంది ఖాలా.

కాలు పోయినందుకంటే తన జ్ఞాపకం పోయిందని ఎక్కువ భయపడ్డారు. గోడ మీది క్యాలెండర్లో అన్నీ రాయడం మొదలుపెట్టారు. ‘పొద్దుటి మాత్ర వేసుకున్న. చాయ్ తాగిన. రజియా బజారుకు పోయింది.’ ఫ్యాక్టరీ రిజిస్టర్లో రాసినట్టే, గుండ్రటి తెలుగు అక్షరాల్లో. ఏడాది తిరగకుండానే పోయారు. నేను ఏజెంటు పని మానేశాను. మానేస్తే ఏమైంది?

ఖాలా ఆ క్యాలెండర్ ఇంకా తీయలేదు. పోయిన రంజాన్‌కు వెళ్లినప్పుడు, ఆమె లోపల గిన్నెలో షీర్ ఖుర్మా పోస్తుంటే, దగ్గరికి వెళ్లి చదివాను. ఒక తేదీ కింద ‘ఏజెంటు పిల్లకు చెప్పిన్నా, లేదా?’ అని ఉంది. తర్వాతి వారంలో మళ్లీ అదే. ఆ కింది వారంలోనూ అదే. ఖాలా గిన్నె తెచ్చి చేతిలో పెట్టింది. తిన్నాను. ఇంకొంచెం పోయమన్నాను కూడా. నేనెలాంటి మనిషిని?

ఖాలాకు ఇంకా చెప్పలేదు. రేపు చెబుతానని మీకు మాటివ్వను. నా మాటకు విలువ లేదని ఇంతసేపూ చదివినవాళ్లు మీరు. చట్టం గురించి అభిప్రాయం రాద్దామని కాగితం తీస్తే చేతికి ఇది వచ్చింది. ఎవరినీ క్షమించమని అడగడం లేదు. గొంతులోది కాస్త కదిలింది, అంతే.

చెప్పారు చాచా. డబ్బా తెచ్చారు. పట్టీ తీసి చూపించారు. మీరేమీ మర్చిపోలేదు. నేనే రాయలేదు.