సోమలింగం గుండెలో సాంచె

సిరిసిల్ల నుంచి సూరత్ వచ్చిన సోమలింగానికి చెవులే కళ్లు. ఉధ్నాలోని షెడ్డులో ఇరవై నాలుగు మరమగ్గాలు, వాళ్ల మాటలో సాంచెలు, ఒక్కసారిగా మోగుతుంటే పక్కమనిషి అరిచినా వినపడదు. ఆ హోరులో అతను తల కాస్త వంచి, "ఏడో సాంచె నాడె తప్పుతున్నది" అనేవాడు. వెళ్లి చూస్తే నిజమే, పోగును అటూ ఇటూ మోసే నాడె లయ తప్పి ఉండేది.

అలాంటి మనిషికి తన గుండె తడబాటు మాత్రం వినపడలేదు. ఆ వానాకాలం రెండుసార్లు సాంచె పక్కనే కళ్లు తిరిగి పడ్డాడు. భార్య భాగీరథి, ఆమె తమ్ముడు బిక్షపతి కలిసి ఆసుపత్రికి తీసుకెళ్లారు.

గుండె నిమిషానికి ముప్పై ఆరుసార్లే కొట్టుకుంటోందని డాక్టరమ్మ హిందీలో చెప్పింది. మందు గోలీలు చాలవా అని భాగీరథి అడిగింది. గుండె మరీ ఉరికితే గోలీలతో నెమ్మది చేయవచ్చు, గతి తప్పితే ఒక్కోసారి పైనుంచి కరెంటు తగిలించి దారిలో పెట్టవచ్చు. ఇలా ఆగి ఆగి కొట్టుకునేదానికి మాత్రం చర్మం కింద మిషను పెట్టాల్సిందే, లేకుంటే ప్రాణానికే ముప్పు అంది డాక్టరమ్మ. గుండె ఆలస్యం చేసినప్పుడల్లా ఆ మిషను రవ్వంత కరెంటుతో దాన్ని తట్టి లేపుతుందట.

కరెంటు అనగానే సోమలింగం మంచం దిగాడు.

"నాకద్దు. మా దిక్కు వారంల ఒకరోజు కరెంటు బందు. ఆనాడు నేను సచ్చుడేనా?"

"నీకు మీటరు గూడ పెడ్తరేమో బావా. రీడింగు రాసుకునెటోడు నెలనెలా అంగీ ఇప్పుమంటడు" అన్నాడు బిక్షపతి.

"నోరు ముయ్‌రా!" అంది భాగీరథి. ఆమెకు నవ్వు రాలేదు. ఆమె భయం కూడా అదే.

వాళ్ల భయమేంటో బిక్షపతి హిందీలో చెప్పగా, డాక్టరమ్మ తన చేతిగడియారం చూపించింది. లైటు పోతే ఇది ఆగుతుందా? మిషనులోనూ ఇలాగే సెల్లు ఉంటుంది, ఏళ్లకేళ్లు పనిచేస్తుంది అంది. బల్ల మీదున్న అగ్గిపెట్టెంత మిషనునూ చూపించింది. దీనికి ప్లగ్గు లేదు, మోటరు లేదు. భాగీరథి దానివైపు గుడిలో దీపాన్ని చూసినట్టు చూసింది. సోమలింగం మళ్లీ మంచమెక్కి సరేనన్నాడు.

మిషను పెట్టించుకున్న రెండు నెలలకు అతను షెడ్డుకు వెళ్లాడు, డాక్టరమ్మ చెప్పినట్టు మోటర్లకు దూరంగా బట్ట మడతలు చూసే పనికి. తొలిరోజు భాగీరథి సద్ది తెచ్చి గుమ్మంలో నిలబడింది. అంతలో కరెంటు పోయింది. ఇరవై నాలుగు సాంచెలూ ఒక్కసారి ఆగాయి. భాగీరథి చేతిలోని డబ్బా కిందపడింది.

సోమలింగం కదలలేదు. తల కాస్త వంచి ఉన్నాడు. తర్వాత ఆమె చేయి పట్టుకుని తన మణికట్టు మీద పెట్టుకున్నాడు.

"సూడు" అన్నాడు గొంతు తగ్గించి. "ఒక్క నాడె గూడ తప్పుతలేదు."

కరెంటు వచ్చేదాకా ఆమె ఆ చేయి తీయలేదు.