హెడ్డుగారి కొర్రమీను

ఆ రోజుల్లో మాకు నడుములు ఉండేవి. ఇప్పుడూ ఉన్నాయనుకోండి, కానీ ఇప్పుడు పొద్దున్న లేచిన దగ్గర్నుంచి అవి ఉన్నట్టు తెలుస్తూనే ఉంటుంది. అప్పుడు మాత్రం ఏడాదికి ఒక్కరోజే, డిసెంబరు రెండో శనివారం నాడే తెలిసేది. ఆ రోజు మేం నలుగురం తెల్లవారుజామునే కాకినాడలో జీపెక్కి, సామర్లకోట, జగ్గంపేట, గోకవరం మీదుగా రంపచోడవరం దాటి, ఉత్తరాన కొండల్లో ఎక్కడో ఉన్న ఒక చెరువుకి చేపలు పట్టడానికి వెళ్ళేవాళ్ళం. ఐదు గంటల ప్రయాణం. అందులో చివరి గంటన్నర రోడ్డు మీద కాదు, రోడ్డు ఉండాల్సిన చోట. మా అమ్మ ఏటా గుమ్మంలో నిలబడి ఒకటే మాట అనేది. "సముద్రాన్ని పక్కలో పెట్టుకుని చేపల కోసం కొండెక్కడమేంట్రా? హార్బరుకెళ్తే బుట్టలకొద్దీ ఉంటాయి కదా!" అప్పటికే నిద్ర చాలక మండుతున్న కళ్ళు నులుముకుంటూ జీపెక్కేవాణ్ణి.

అసలు మా డెల్టాలో చేప అంటే వల వేస్తే పడేది, లేకపోతే చెరువు ఎండగడితే దొరికేది. గాలం వెయ్యడం బడి ఎగ్గొట్టిన కుర్రాళ్ళ పని. మా నలుగురిలో ఎవ్వరికీ గాలం పట్టుకోవడం కూడా సరిగా రాదు. మొదటి ఐదేళ్ళలో మా గాలాలకి పడినవి చెప్తాను వినండి: ఒక రబ్బరు చెప్పు (ఎడమకాలిది), రెండుసార్లు జీపుబావ చొక్కా, ఒకసారి నా చెవి. చేప మాత్రం ఒక్కటంటే ఒక్కటి పడలేదు.

ఈ దండయాత్ర ఎలా మొదలైందో చెప్పాలి. నేను కాకినాడలో ఒక ప్రభుత్వాఫీసులో గుమాస్తాగా చేరిన కొత్త. మా సెక్షన్లో నాతోపాటు ఇద్దరుండేవారు. ఒకతన్ని అందరం జీపుబావ అనేవాళ్ళం. అతను మాకెవరికీ బావ కాదు, జీపూ అతనిది కాదు, అతని బావది. రెండో ఆయన సలహాల్రావు. అడక్కుండానే సలహా ఇస్తాడు, అడిగితే రెండిస్తాడు. మా ముగ్గురి మీదా హెడ్ క్లర్కుగారు. మాకు ఆయన హెడ్డుగారు. కోనసీమ మనిషి, పరమ సాత్వికులు, శాకాహారి. శనివారం ఒంటిపూట భోజనం, మెడలో తులసి పూసల మాల, రోజూ పొద్దున్నా సాయంత్రం జపం. ఫైలు మీద తప్పు కనిపిస్తే "బాబూ, ఇది కాస్త చూస్తారా, తొందరేం లేదు" అనేవారు. ఆ మాటకి మాకు వచ్చే సిగ్గు, తిడితే వచ్చేది కాదు.

ఒకరోజు మధ్యాహ్నం క్యారేజీల దగ్గర సలహాల్రావు ఏజెన్సీ కొండల్లో తను చూసిన చెరువు గురించి అదే పనిగా చెబుతున్నాడు. మావైపు ఒక పద్ధతుంది. ఎదుటివాడు ఏదైనా చెబుతున్నప్పుడు ఊరికే వింటే మర్యాద కాదు, మధ్యలో ఓ ప్రశ్న వెయ్యాలి. హెడ్డుగారు పెరుగన్నం కలుపుకుంటూ ఆ మర్యాద పాటించారు. "ఆహా, అక్కడ చేపలు బాగా పడతాయాండీ?" అన్నారు. అంతే. ఆ మాటే కొంప ముంచింది. సాయంత్రానికల్లా సలహాల్రావు జీపుబావని పట్టుకున్నాడు, జీపుబావ జీపుని పట్టుకున్నాడు. "హెడ్డుగారికి సరదాగా ఉందటోయ్" అన్నారు ఇద్దరూ నా దగ్గరికొచ్చి. "ఆయన చేప తినరు కదండీ" అన్నాను నేను. "తినకపోతే పట్టకూడదా? క్రికెట్ ఆడేవాళ్ళు బంతి తింటున్నారా?" అన్నాడు సలహాల్రావు. ముగ్గురం వెళ్ళి హెడ్డుగారికి విషయం చెప్పాం. ఆయన కలానికి మూత పెట్టి, "మీరంతా అంత సరదా పడుతుంటే నేను కాదంటానా నాయనా" అన్నారు. మాకు అందులో "సరదా" అన్న ముక్క ఒక్కటే వినిపించింది.

మొహమాటానికి పోతే ఏమవుతుందో మన సామెత ఒకటుంది. మీకందరికీ తెలుసు. పెద్దలు కూడా చదువుతారు కాబట్టి ఇక్కడ రాయను. మాకు మాత్రం ఆరేళ్ళపాటు ఏటా రెండో శనివారం అయింది. జీపుబావకి ఘాట్ రోడ్డులో వాంతులు (బండి నడిపేవాడికి వాంతులు రావని సలహాల్రావు అంటాడు, వస్తాయి). నాకు వెనకసీటు ఇనప కమ్మీ వెన్నుపూసలో ఎక్కడ తగులుతుందో వారం రోజుల ముందే జ్ఞాపకం వచ్చేది. మానేద్దామని ప్రతి ఏడాదీ అనుకునేవాణ్ణి. కానీ చెరువు గట్టున హెడ్డుగారిని చూస్తే ఆ మాట అనడానికి నోరాడేది కాదు. గాలం నీళ్ళలో వేసి, పద్మాసనం వేసుకుని, నీళ్ళ మీద తేలే బెండు ముక్క వైపే రెప్ప వెయ్యకుండా చూస్తూ, పెదవులు కదుపుతూ కూర్చునేవారు. అంత దీక్ష నేను గుళ్ళో కూడా చూడలేదు. "ఆయన చేపని పిలుస్తున్నారోయ్" అని గుసగుసలాడేవాడు సలహాల్రావు. సాయంత్రం ఖాళీ చేతులతో జీపెక్కేటప్పుడు ఆయన మొహం ప్రశాంతంగా ఉండేది. ఓటమిని అలా తీసుకోవడం అందరికీ రాదని మేం చెప్పుకునేవాళ్ళం.

ఆరో ఏడాది హెడ్డుగారికి డిసెంబరు నెలాఖరున రిటైర్మెంటు. అంటే అదే ఆయన ఆఖరి రెండో శనివారం. ఇన్నేళ్ళు ఇంత ఆశగా కూర్చున్న మనిషి ఒక్క చేపైనా పట్టకుండా రిటైరవడమా అని నాకు నిజంగానే బాధ కలిగింది. నేను చేరిన కొత్తలో ఎన్ని తప్పులు చేసినా పైకి పోనివ్వకుండా తన చేత్తో దిద్దిన మనిషి. ఆయన గాలానికి ఎలాగైనా ఒక చేప పడాలని పట్టుపట్టాను. మిగతా ఇద్దరికీ చెప్పి ఒప్పించి, శుక్రవారం సాయంత్రం మార్కెట్టుకెళ్ళి బతికున్న కొర్రమీను ఒకటి కొన్నాను. కొర్రమీనైతే బకెట్లో కాసిని నీళ్ళున్నా రోజంతా బతుకుతుంది. మూతకి చిల్లులు పొడిచి, బకెట్టుని జీపులో నా కాళ్ళ మధ్య పెట్టుకుని దుప్పటి కప్పాను. అయితే కొర్రమీనుకి మా కుట్రతో సంబంధం లేదు కదా. గతుకు వచ్చినప్పుడల్లా అది ధనామని మూతని కొట్టేది.

జగ్గంపేట దాటాక హెడ్డుగారు ముందు సీట్లోంచి వెనక్కి తిరిగారు. "ఆ చప్పుడేంటి బాబూ?"

"ఆయ్, స్టెప్నీ అండి."

"నీ పంట్లాం తడిసిందేంటి నాయనా?"

"మంచు అండి."

ఆయన జాలిగా చూశారు. "వెనక మంచు కొడుతున్నట్టుంది. నువ్వు ముందుకొచ్చి కూర్చో, నేను వెనక్కెళ్తాను" అంటారు. వద్దండి అంటే వినరు. ఆయన మర్యాద, నా మర్యాద కలిసి గోకవరం దాకా పోట్లాడుకున్నాయి. చివరికి నాకు వెనక కూర్చుంటేనే ఒంటికి మంచిదని డాక్టరు చెప్పాడని అబద్ధమాడాను. ఆ కమ్మీ ఆ మాట విన్నట్టుంది, ఆ రోజు మరీ గట్టిగా గుచ్చింది.

చెరువు దగ్గర గాలం వేసి, దాన్ని పంగల కర్రకి ఆనించి, హెడ్డుగారు స్నానానికని బండలవతలికి వెళ్ళారు. అదే మాకు దొరికిన సందు. ఆయన వస్తుంటే దగ్గమని జీపుబావని కాపలా పెట్టాం. అతనికి ఆ రోజు నిజంగానే జలుబు, ఆగకుండా దగ్గుతూనే ఉన్నాడు. మోకాలు లోతు నీళ్ళలో, ఎముకలు కొరికే చలిలో, కొర్రమీనుని రెండు చేతులా పట్టుకుని నిలబడ్డాను. అది జారుడు చేప. పట్టుకున్నంతసేపూ పట్టుకున్నట్టే ఉంటుంది, చూస్తే చేతిలో ఉండదు. రెండుసార్లు నా చెంప మీద కొట్టింది. గట్టు మీంచి సలహాల్రావు "కొక్కెం నోట్లో పెట్టవయ్యా! నీ నోట్లో కాదు, దాని నోట్లో!" అంటున్నాడు. ఎలాగో తగిలించి బయటపడేసరికి పళ్ళు టకటకలాడుతున్నాయి.

హెడ్డుగారు తడిబట్ట ఆరేసుకుని వచ్చి కూర్చుని, పెదవులు కదపడం మొదలెట్టారో లేదో, బెండు బుడుంగున మునిగింది. "పడిందండీ! లాగండి!" అని ముగ్గురం ఒక్కసారే అరిచాం. ఆయన లాగారు. మూరెడు కొర్రమీను ఎండలో తళుక్కుమని గట్టు మీద పడి ఎగురుతోంది. జీపుబావ ఈల వేశాడు. నేను చప్పట్లు కొట్టాను. హెడ్డుగారి కళ్ళలో గిర్రున నీళ్ళు తిరిగాయి. ఆనందబాష్పాలనుకున్నాం. కాసేపటికి ఆయన "దాన్ని నీళ్ళలో వదిలెయ్యండి నాయనా" అన్నారు, ఎక్కడో నూతిలోంచి మాట్లాడినట్టు. నేను కొక్కెం తీసి వదిలేశాను. "అదీ పెద్దమనసంటే" అన్నాడు సలహాల్రావు. తిరుగు ప్రయాణమంతా హెడ్డుగారు మెడలో మాలని వేళ్ళతో తడుముకుంటూ కూర్చున్నారు. నేను మాత్రం నడుం నొప్పిలో కూడా నవ్వుకుంటూ ఇల్లు చేరాను.

సోమవారం ఆయన ఆఫీసుకి రాలేదు. నేను చేరాక ఆయన సెలవు పెట్టడం అదే మొదటిసారి. తర్వాత వచ్చారు గానీ మనిషి మనిషిలా లేరు. సన్మానం నాడు దండ వేసినా తల ఎత్తలేదు, మెళ్ళో తులసి మాల కూడా కనిపించలేదు. ఉద్యోగం పోతోందని దిగులేమో అనుకున్నాం. మర్నాడు పింఛను కాగితాల మీద సంతకాలకని వాళ్ళింటికి వెళ్ళాను. హెడ్డుగారు పెరట్లో ఉన్నారు. వాళ్ళావిడగారు (నేను పిన్నిగారూ అనేవాణ్ణి) నన్ను వీధి గదిలోనే ఆపి మెల్లగా అడిగారు. "ఆ కొండల్లో ఏం జరిగింది బాబూ? వచ్చిన దగ్గర్నుంచి జపం మానేశారు. మాల తీసి మేకుకి తగిలించేశారు. నా కాపురంలో ఇలా ఎప్పుడూ చూళ్ళేదు."

"ఆఖరిసారి చేప పడిందండీ, అంతే. మేమంతా ఎంతో సంతోషించాం" అన్నాను.

ఆవిడ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకున్నారు. "అయ్యో బాబూ! ఆయన అక్కడ కూర్చుని జపం చేసేది ఏ ఒక్క గాలానికీ ఏ ప్రాణీ పడకూడదనే కదా! మీ ముగ్గురి సరదా కాదనలేక వెళ్ళేవారు. ఒక్కటీ పడలేదే, స్వామి నా మాట వింటున్నాడే, అని ఇంటికొచ్చి ఎంత మురిసిపోయేవారో!"

నేను ప్రేమకొద్దీ కొన్న ఆ కొర్రమీను ఆ మనిషికీ ఆయన దేవుడికీ మధ్య అడ్డుపడింది. అంత సిగ్గు నాకు మళ్ళీ ఎప్పుడూ వెయ్యలేదు. పెరట్లోకి వెళ్ళాను. ఆయన అరటి పాదుకి నీళ్ళు పోస్తున్నారు. నిజం చెబితే మోసం చేశానని నా మొహం చూడరేమోనని భయం. చెప్పకపోతే ఆ మాల మేకుకే ఉండిపోతుంది. చెప్పేశాను. మార్కెట్టూ, బకెట్టూ, స్టెప్నీ, మోకాలు లోతు నీళ్ళూ, ఏదీ దాచకుండా చెప్పాను.

హెడ్డుగారు చెంబు కింద పెట్టారు. "అయితే అది మన చెరువులో చేప కాదా?"

"కాదండి. కాకినాడదండి."

"దానంతటది పడలేదా?"

"నేనే తగిలించానండి. రెండుసార్లు కొట్టింది కూడా."

ఆయన కాళ్ళు కడుక్కుని గబగబా లోపలికి వెళ్ళారు. మేకు మీంచి మాల తీస్తున్న చప్పుడు వినిపించింది. పిన్నిగారు ఇచ్చిన కాఫీ చల్లారిపోయేదాకా వీధి గదిలో కూర్చున్నాను. ఎంతసేపటికో బయటికొచ్చారు. అదే పాత మొహం. పక్కన కూర్చుని, "అదలా ఉంచు. నీకు నడుం నొప్పి కదా, ప్రతి ఏడాదీ ఎందుకొచ్చేవాడివి?" అన్నారు.

"మీకిష్టమని అండి."

"నాకా! మీకిష్టమని కదయ్యా నేనొచ్చేది!"

ఇద్దరం ఒకరి మొహం ఒకరు చూసుకున్నాం. లోపల పిన్నిగారు నవ్వు ఆపుకోలేక దగ్గారు. ఆ క్షణంలో "ఇంక మానేద్దామండి" అంటే సరిపోయేది. అంత పెద్ద నిజం చెప్పినవాడికి ఈ చిన్న మాట ఎంత? కానీ హెడ్డుగారు కాసేపు తటపటాయించి, "అయితే వచ్చే ఏడాది కూడా రెండో శనివారమేనా బాబూ?" అన్నారు. నన్ను బాధపెట్టడం ఇష్టంలేక అన్నారని నాకు తెలుసు. "మీరెలా అంటే అలాగేనండి" అన్నాను. ఆయన్ని బాధపెట్టడం ఇష్టంలేక అన్నానని ఆయనకీ తెలుసు.

ఆ తర్వాత కూడా చాలా ఏళ్ళు వెళ్ళాం. గాలాలు తీసుకెళ్ళడం మానేశాం, ఎందుకు మానేశామో ఎవరం మాట్లాడుకోలేదు. గట్టున కూర్చుని పులిహోర తిని, చలికి వణికి, తిరిగొచ్చేవాళ్ళం. హెడ్డుగారు పోయి రెండేళ్ళయింది. మొదటి ఏడాది ఎవరూ ఆ ఊసెత్తలేదు. హమ్మయ్య అనుకుని ఆ శనివారం మధ్యాహ్నం దాకా పడుకుందామనుకున్నాను. నాలుగింటికే మెలకువ వచ్చింది. మొన్న డిసెంబరులో నేనే జీపుబావకి ఫోన్ చేసి "వెళ్దామా?" అన్నాను. అతనికీ మోకాళ్ళు అరిగాయి, జీపు తుక్కుకి పోయింది. "నీకు సరదాగా ఉంటే నేను కాదంటానా" అన్నాడు నీరసంగా.

"నాకు సరదాగానే ఉందిరా" అన్నాను. అన్నాక చూసుకుంటే, నిజంగానే ఉంది.