సెమినార్‌లో మొదటి ప్రశ్న

మా సోషియాలజీ డిపార్ట్‌మెంట్‌లో ఒక ఆచారం ఉంది. సెమినార్‌లో ఎవరు పేపర్ చదివినా మొదటి ప్రశ్న అందరికంటే సీనియర్ ప్రొఫెసర్‌గారే వేయాలి. ఆయన నోరు విప్పేదాకా మిగతావాళ్లు టీ తాగుతూ కూర్చుంటారు. నాకు మొదటినుంచీ ఆ ఆచారమంటే ఒళ్లుమంట.

ఉద్యోగంలో చేరాక నేను చదివిన తొలి పేపర్ సైదాబాద్ పాలవ్యాపార కుటుంబాల మీద. మాదీ అలాంటి ఇల్లే. ఆ పొద్దున బాపు బర్రెలకు దాణా పెడుతూ, "ఫికర్ ఎందుకు బిడ్డా, మన గల్లీ ముచ్చటే గదా చెప్పేది" అన్నాడు. నాకు ఫికరే లేదు. పాలు పిండేది ఎవరో, అమ్మేది ఎవరో, ఇంట్లో మాట చెల్లేది ఎవరిదో ఇల్లిల్లూ తిరిగి అడిగి రాశాను.

చదవడం అయ్యాక ప్రొఫెసర్‌గారు కళ్లజోడు తీసి, "బాగుందమ్మా. కానీ నువ్వు అక్కడి మనిషివే కదా. పరిశోధన చేసేవాళ్లకు కొంత దూరం ఉండాలి. నీకు అదెక్కడుంది?" అన్నారు. చాలామంది తలలూపారు.

నాకు చిర్రెత్తింది. "సార్, మీరు యూనివర్సిటీ మాస్టర్ల మీద పుస్తకం రాసిన్రు గదా. దానికోసం ఎంత దూరం పోయిన్రు?" అన్నాను.

ఆయన కళ్లజోడు మళ్లీ పెట్టుకున్నారు. అప్పుడు వెనక వరసలోని కొత్త లెక్చరర్ ఒకామె, తన వంతు కోసం చూడకుండానే, పాలు పిండేది ఆడవాళ్లయితే మాట మగవాళ్లదే ఎందుకు చెల్లుతోందని అడిగింది.

నా పేపర్ గురించి వచ్చిన మొదటి ప్రశ్న అదే.