ఇంకోటున్నది

వరంగల్ దవాఖానాలో మా అమ్మ చలికి వణుకుతోంది. చర్చి నుంచి రోగులను చూడడానికి వచ్చే అవ్వ, తను కప్పుకున్న దుప్పటి తీసి అమ్మకు కప్పింది.

"మరి నీకెట్లవ్వా?" అన్నాను.

"నాకింట్ల ఇంకోటున్నది బిడ్డా, ప్రభువు ఇచ్చిండు," అంటూ చెయ్యి ఊపింది.

ఎవరికి ఏమిచ్చినా అదే మాట. ఒకసారి చెప్పులు కూడా అట్లాగే ఇచ్చేసి, మండుటెండలో వట్టి కాళ్లతో వెళ్లిపోయింది.

అమ్మ కోలుకున్నాక దుప్పటి తిరిగి ఇవ్వబోయాను. "ఇంకోటున్నదని చెప్పిన గదా!" అని కసిరింది. నమ్మాను. నమ్మితే నాకే సుఖం.

మొన్న చలికాలంలో అవ్వ చనిపోతే ఆమె ఉండే గదికి వెళ్లాను. శవం మీద కప్పడానికి ఎంత వెతికినా ఒక్క బట్ట దొరకలేదు. పక్కింటామె తన చీర తెచ్చి కప్పింది.

ఆ దుప్పటి ఇప్పటికీ నా మంచం మీదే ఉంది.