పొగ ఆపిన పొద్దు

బుల్లీ, నువ్వు పోయావని ఆస్పత్రి నుంచి ఫోను చేసి చెప్పింది మీ నాన్నే. అప్పుడే తెల్లవారుతోంది. బెంగాల్లో, సంత్రాగాఛిలో మన రైల్వే క్వార్టరు వరండాలో నీ గుమ్మడి పూలు విచ్చుకుంటున్నాయి. "పిల్ల నేదే" అన్నారు. ఒక తేనెటీగ వచ్చి పువ్వులో దూరింది, ఒళ్లంతా పుప్పొడితో బయటికొచ్చింది, వెళ్లిపోయింది. ఆ మాట విన్నాక నా కళ్లు మొదట చూసింది దాన్నే.

చదివేవాళ్లకి చెప్పాలి. మా అమ్మాయి డెంగీ జ్వరంతో పోయింది. మొన్ననే ఇరవై నిండాయి. కాలేజీలో మొక్కల చదువు చదివేది. నేను మా శ్రీకాకుళం వైపు పల్లెలో అయిదో తరగతి దాకా వెళ్లాను. ఇక్కడి బడుల్లో చదివిన తనకి తెలుగు మాట్లాడడమే వచ్చు, చదవడం రాదు. తన నోటుపుస్తకం నాకు అర్థం కాదు, నా రాత తనకి అర్థం కాదు. అయినా రాస్తున్నాను. తప్పులుంటే మన్నించండి.

ఆ గుమ్మడి పాదు తను పెట్టిందే. ఒకరోజు పొద్దున్నే పువ్వు మీద నా పాత చీర ముక్క కప్పింది.

"ఏటే అది, పువ్వుకి ముసుగేటి?" అన్నాను.

"సూస్తుండమ్మా. పువ్వు కంటికి కనబడకపోయినా తేనెటీగ వస్తాది."

నిజంగానే ఈగ వచ్చింది. గుడ్డ మీద అటూ ఇటూ నడిచి సందు వెతుక్కుంది.

"తీసీయే పాపం. నీకు పరీచ్చ, దానికి ఆకలి" అన్నాను. నవ్వి తీసేసింది.

ఇంకో రోజు నా అగరొత్తి తెచ్చి పువ్వు పక్కన గుచ్చింది. ఈగ జానెడు దూరం దాకా వచ్చి, గాలిలో ఆగి, వెనక్కి తిరిగింది. పువ్వు అక్కడే ఉంది కదా, వెళ్లిపోయిందేమని అడిగాను.

"పువ్వుకి నోరు నేదు గదమ్మా. వాసనతోనే పిలుస్తాది. పొగ అడ్డమొస్తే ఆ పిలుపు దానికి అందదు" అంది.

నేను గుమ్మడి పూలు శనగపిండిలో ముంచి, ఇక్కడి బెంగాలీల్లాగ బొరాలనే బజ్జీలు వేస్తానంటే పాదు దగ్గర కాపలా కాసేది. "మగ పూలన్నీ కోసీకమ్మా, రెండు ఉంచు. నేపోతే కాయ కట్టదు" అనేది. వాళ్ల నాన్న చాప మీంచే, "ఈ ఇంట్లో మగోళ్లకి నువ్వే దిక్కమ్మా" అనేవారు. తన తెల్ల చున్నీ చెంగుకి పూలు రుద్దుకుని వరండాలో కదలకుండా కూర్చునేది. ఈగలు వచ్చి చెంగు మీద వాలేవి, కుట్టేవి కావు. ఒక వాసన దగ్గర తేనె దొరికితే ఈగ ఆ వాసనని గుర్తుంచుకుంటుందట, పువ్వు లేకపోయినా వెతుక్కుంటూ వస్తుందట. "కానీ కొన్ని వారాలే బతుకుతాది పాపం" అని కూడా చెప్పింది.

తను పోయాక పక్క క్వార్టరు పిన్ని వచ్చింది. మా వైపు మనిషే. ఇక్కడ కొబ్బరి పీచు నిప్పు మీద గుగ్గిలం చల్లి ఇంట్లో పొగ వేస్తారు, ధునో అంటారు. మాకూ అలవాటయింది. "పిల్ల పోయిన ఏళకే రోజూ పొగెయ్యి. ఏడాది నిండేదాకా ఆపకు. ఆ పొగ పట్టుకునే అది ఇంటికొస్తాది. ఆపీసినావంటే దారి తప్పిపోద్ది" అంది. రోజూ తెల్లవారేసరికి వరండాలో తన ఫోటో ముందు పొగ వేశాను. ఒక్క పూటా మానలేదు.

నెల తిరిగేసరికి పాదు మీద ఈగలు వాలడం మానేశాయి. పొగ అంచున గాలిలో ఊగేవి, గోడకి కొట్టుకునేవి, వెళ్లిపోయేవి. పిందెలు పసుపెక్కి రాలిపోయాయి. ఊడుస్తుంటే చీపురుకి తగిలేవి. బొటనవేలంత ఉండి, చల్లగా, చంటిపిల్ల వేళ్లలాగ ఉండేవి. అగరొత్తి గుర్తొచ్చింది. ధునో పాత్ర వంటింట్లో పెట్టి చూశాను. చిన్న ఇల్లు, పొగ మళ్లీ వరండాలోకే వచ్చింది.

ఆఖరికి ఒకే ఒక ఆడపువ్వు మిగిలింది. రాత్రికి మొగ్గ, తెల్లారితే విచ్చుకుంటుంది, ఎండెక్కితే ముడుచుకుంటుంది. ఆ కాస్త వేళలోనే ఈగ రావాలి. పొగ ఆపితే పిల్ల దారి తప్పుతుంది. ఆపకపోతే తన చేత్తో పెట్టిన పాదుకి ఒక్క కాయా దక్కదు. ఎవర్ని అడగను? చెంబుడు నీళ్లు తెచ్చి నిప్పు మీద పోసేశాను.

ఆ చప్పుడుకి పిన్ని పరుగెత్తుకొచ్చింది. "ఓలమ్మో! ఏటి సేసినావే! పిల్లని ఈదిలో ఒదిలీసినావే!"

"పొగలో పిలుపు అందదని సెప్పింది ఆ పిల్లే పిన్నీ" అన్నాను.

పొగ పలచబడింది. ఒక ఈగ వచ్చింది. పువ్వు దగ్గర ఆగలేదు. మా ఇద్దరి మధ్య నుంచి గదిలోకి వెళ్లింది. దాని వెనక మూడు, తర్వాత లెక్కలేనన్ని. మేకుకి వేలాడుతున్న తన చున్నీ మీద వాలాయి. తను పోయాక దాన్ని నేను ఉతకలేదు. ఈగలతో తెల్ల చెంగు నల్లబడిపోయింది. ఒక్క రెక్క ఆడలేదు, ఒక్క రొద లేదు. అప్పట్లో తన చెంగు మీద వాలిన ఈగలు ఎప్పుడో చచ్చిపోయి ఉంటాయి. మరి వీటికి ఈ ఇల్లు ఎవరు చెప్పారు?

"బుల్లీ?" అన్నాను.

అన్నీ ఒక్కసారి లేచాయి. నా మొహం మీద గాలి తగిలింది. నేరుగా వరండాలోకి, ఆ ఒక్క పువ్వులోకి వెళ్లాయి.

పిన్ని ఆరిన ధునో పాత్ర తీసి పక్కన పెట్టింది. ఆ తర్వాత పొగ మాట ఎత్తలేదు. పిల్ల వచ్చిందో, దారి తప్పిందో నాకు తెలియదు. అబద్ధం రాయలేను.

ఆ పువ్వు కాయ కట్టింది. నిన్న కోసి, బెల్లం వేసి పులుసు పెట్టాను. తను పోయాక నేను కంచం ముందు కూర్చుని తిన్నది నిన్ననే. ఆయనకి, నాకు వడ్డించి, తన పేరున మూడో కంచం పెట్టాను. తేనెటీగలు ఒక్కొక్కటే వచ్చి ఆ కంచం అంచు చుట్టూ వాలాయి. తలలన్నీ లోపలికి పెట్టి కదలకుండా కూర్చున్నాయి. నేను తోలడానికి చెయ్యి ఎత్తబోయాను.

"తిననీయే" అన్నారాయన.

మీరూ ఈ కాగితం పక్కన పెట్టి, లేచి కడుపునిండా అన్నం తినండి.